పాత బంగళాలో రెండు రాత్రులు: గది బాగుంది, లీజు కాగితం ఎక్కడ?

ముందు గది సంగతి చెబుతాను. బుక్ చేసుకోవాలా వద్దా అని చూసేవాళ్లకు కావాల్సింది అదే కాబట్టి.

చిత్తూరు నుంచి బస్సులో గంటంబావు ప్రయాణం. బ్రిటిష్ కాలంలో కలెక్టర్లు, ఇంజనీర్లు క్యాంపులకు వస్తే దిగడానికి కట్టిన ట్రావెలర్స్ బంగళా అది. చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ దొర బంగళా అనే అంటారు. భవనం, స్థలం ప్రభుత్వానివి. కొన్నేళ్ల కిందట ఒక ప్రైవేటు సంస్థ లీజుకు తీసుకుని, బాగుచేసి, ‘హెరిటేజ్ స్టే’ అని బోర్డు పెట్టి నడుపుతోంది. ఆ సంస్థ పేరు, లీజు ఇచ్చిన ఆఫీసు పేరు నేను రాయడం లేదు. అక్కడ పనిచేసేవాళ్లంతా మా వైపు పల్లెల పిల్లలే. నా మాట వల్ల వాళ్ల ఉద్యోగాలకు ఇబ్బంది రాకూడదు.

పోయిన నవంబరులో, తుపాను వాన విడవకుండా పడుతున్న రోజుల్లో, నేనూ మా ఆయనా రెండు రాత్రులు ఉన్నాం. టిఫిన్‌తో కలిపి రాత్రికి 3,800 రూపాయలు. మాకు అది చిన్న మొత్తం కాదు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో, ఏ పనీ లేకుండా ఊరికే ఉండటానికి డబ్బు కట్టి గది తీసుకోవడం మాకు అదే మొదటిసారి.

పైకప్పు చాలా ఎత్తు. తలుపులు వేసుకున్నా ఉక్కపోయదు. వరండాలో చేతుల మీద కాళ్లు చాపుకునే పాత పడక కుర్చీలు రెండున్నాయి, వానను చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. వేణ్ణీళ్లు పొద్దున ఐదున్నరకే వచ్చాయి. బాత్‌రూమ్ కొత్తగా కట్టారు, నేల జారదు, పట్టుకోవడానికి కమ్మీ పెట్టారు. మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాళ్లకు అది పెద్ద విషయం. రాత్రికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, శనక్కాయల ఊరుబిండి పెట్టారు. సంగటిలో నూక సరిగ్గా ఉడికింది, ముద్ద పొగలు కక్కుతూ వచ్చింది. వండినామె తనే వచ్చి, "ఇంకో ముద్ద పెట్టుకోమ్మా, వానకు ఆకలేస్తుంది" అని వడ్డించింది. పొద్దుటి ఇడ్లీ మాత్రం గట్టిగా ఉంది. కాఫీ బాగుంది.

అయితే నేను ఆ బంగళాకు వెళ్లింది సంగటి కోసం కాదు.

మా నాయన సున్నం మేస్త్రీ. 1983లో ఆ బంగళా మిద్దె కారుతుంటే బాగుచేసినవాళ్లలో ఆయన ఒకడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడి లేని రోజున అమ్మతో కలిసి సద్ది క్యారియర్ ఎత్తుకుని వెళ్లేదాన్ని. ముందు చెట్టు కింద గుండ్రంగా తవ్విన గాడి, అందులో రాతి చక్రం, దాన్ని తిప్పుతూ ఎద్దులు. గానుగ సున్నం అలా తయారయ్యేది. పక్కనే తొట్టిలో కరక్కాయలు నానేసిన నీళ్లు, అందులో బెల్లం. ఆ బెల్లం వాసనకు పిల్లలం చుట్టూ చేరితే, "అది గోడకు పెట్టే తిండి, పొండి" అని నాయన అదిలించేవాడు. మిద్దె మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి పేర్చి, పైన సున్నం కాంక్రీటు పరిచి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్యలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. ఆ చప్పుడుకు ఒక లయ ఉండేది, పాట కూడా ఉండేది. పాట నాకిప్పుడు గుర్తులేదు, చప్పుడు గుర్తుంది. నాయన పోయి పదకొండేళ్లయింది. ఆయన చెయ్యి పడిన గోడల మధ్య ఒక రాత్రి నిద్రపోవాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక.

మాకు ఇచ్చింది వెనక వైపు గది. లైటు వేయగానే కిటికీ కింది గోడ కనిపించింది. నేల నుంచి నా నడుము ఎత్తు దాకా రంగు బుడగలు లేచింది. కొన్ని చోట్ల పెచ్చులు రాలి, లోపల తెల్లగా ఉప్పు పూసింది. వేలి కణుపుతో తట్టాను, బోలుగా మోగింది. పాత సున్నం గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, దాని మీద ఎమల్షన్ పెయింట్ వేశారు.

సున్నం గోడ గాలి పీలుస్తుంది అనేవాడు నాయన. పునాది నుంచి పైకెక్కే చెమ్మ సున్నం పూతలోంచి మెల్లగా బయటికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ గోడలోనే నిలిచి ఇంకా పైకి పాకుతుంది. దాంతోపాటు ఉప్పు కూడా ఎక్కి, ఇటుకను లోపల్లోపలే పిండి చేస్తుంది. కొత్త ఇంటికి సిమెంటు మంచిదే. నూరేళ్లు దాటిన సున్నం గోడకు అదే జబ్బు తెస్తుంది. ఆ రాత్రి మా ఆయన నిద్రపోయాడు. నేను దీపం ఆర్పకుండా చాలాసేపు ఆ గోడనే చూస్తూ కూర్చున్నాను.

పొద్దున మేనేజర్ని అడిగాను. ముప్పై కూడా నిండని పిల్లాడు, మర్యాదస్తుడు. "అవునక్కా, ప్రతి వానాకాలం ఇదే టెన్షన్. ఇప్పటికి రెండుసార్లు పూయించాం. ఈసారి ఇంకా మందంగా వేయించమని హెడ్డాఫీసుకు రాశాను" అన్నాడు.

ఇంకా మందంగా అనేసరికి నా గుండె ఝల్లుమంది. "రిపేర్లు ఎట్లా చేయాలో లీజు కాగితంలో రాసుంటారు కదబ్బా, చూసినావా?" అని అడిగాను. "అది ఇక్కడ ఉండదక్కా. నేను ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

రిసెప్షన్ వెనక గోడ మీద బంగళా పాత ఫోటోలు ఉన్నాయి, చెకవుట్ టైము ఉంది, వైఫై పాస్‌వర్డ్ ఉంది. ఈ భవనం ఎవరిది, ఎన్నేళ్లకు ఇచ్చారు, ఏడాదికి అద్దె ఎంత, ఏయే షరతులు పెట్టారు, ఏదైనా పాడవుతుంటే ఎవరికి చెప్పాలి అన్నది ఒక్క ముక్క కూడా లేదు.

తిరుపతి, చిత్తూరు వాళ్లం ఒక అలవాటుతో పెరిగినవాళ్లం. పొద్దున ఫోన్ తెరిస్తే, నిన్న శ్రీవారిని దర్శించుకున్నవాళ్లు ఇంతమంది, తలనీలాలు ఇచ్చినవాళ్లు ఇంతమంది, హుండీ ఆదాయం ఇంత అని వచ్చేస్తుంది. ఆ లెక్క రోజూ పదిమందికీ చెప్పడం ఇక్కడ మామూలు సంగతి. ఒక బంగళాకు ఏడాదికి ఒక్క అంకె చెప్పడం ఎందుకు కష్టం కావాలో నాకు అర్థం కాలేదు.

నాకు కలెక్టరేట్ దగ్గర్లో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. ఇరవై ఏళ్లు దాటింది పెట్టి. 2005 అక్టోబరులో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఆ అర్జీలు టైపు చేస్తున్నాను. పింఛన్ల కోసం, భూమి రికార్డుల కోసం, రోడ్డు బిల్లుల కోసం ఎందరికో టైపు చేశాను. నా కోసం నేను ఒక్కటీ పెట్టుకోలేదు. బంగళా నుంచి వచ్చిన వారానికి నా పేరుతో మొదటి అర్జీ టైపు చేసుకున్నాను.

ఈ చట్టం అంటే చాలామంది పది రూపాయలు కట్టి ప్రశ్న అడగడం అనుకుంటారు. అది సెక్షన్ 6. దానికంటే ముందు సెక్షన్ 4 ఉంది. అందులో 4(1)(బి) కింద 17 అంశాలున్నాయి. ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ సంస్థ వాటిని తనంతట తానే ప్రచురించాలి, ఏటా సరిచేయాలి. తన విధులేమిటి, ఏ అధికారికి ఏ అధికారం ఉంది, బడ్జెట్ ఎంత, ఉద్యోగుల జీతాలెంత, ఇలాంటివన్నీ అందులోవే. పదమూడో అంశం ఏమిటంటే, తాను ఇచ్చిన రాయితీలు, పర్మిట్లు, అనుమతులు ఎవరెవరికి ఇచ్చిందో ఆ వివరాలు. ప్రభుత్వ భవనాన్ని ఒకరికి నడుపుకోమని ఇవ్వడం దీని కిందికి రాకపోతే ఇంకేది వస్తుంది? అంటే నేను అర్జీ పెట్టాల్సిన అవసరమే ఉండకూడదు. ఆ కాగితం ఈపాటికే వెబ్‌సైట్లో ఉండాలి.

ఐదు విషయాలు అడిగాను. లీజు ఒప్పందం నకలు, టెండరు వివరాలు, ఏడాది అద్దె, మరమ్మతుల షరతులు, ఆఫీసువాళ్లు చేసిన తనిఖీల రిపోర్టులు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేశాను. మొదట వెళ్లిన ఆఫీసులో, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఫైళ్లు అటూ ఇటూ అయ్యాయి, అది మా దగ్గర లేదు అన్నారు. లేకపోతే ఉన్న ఆఫీసుకు ఐదు రోజుల్లో వాళ్లే పంపాలి, సెక్షన్ 6(3). పంతొమ్మిది రోజులు పట్టింది. రెండో ఆఫీసు నుంచి జనవరి చివర్లో జవాబు వచ్చింది. సెక్షన్ 8(1)(డి) ప్రకారం ఇది వాణిజ్య గోప్యత కిందికి వస్తుంది కాబట్టి ఇవ్వలేం అని మూడు వాక్యాలు.

ఆ సెక్షన్ ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఒక కంపెనీ తన తయారీ రహస్యాన్ని అనుమతి కోసం ప్రభుత్వానికి చూపిస్తే, దాన్ని పోటీదారు చేతికి ఇవ్వకూడదు. అది న్యాయం. కానీ ప్రభుత్వ ఖజానాకు ఎంత అద్దె వస్తోంది అన్నది, ప్రభుత్వ గోడకు ఏ పూత పూయాలి అన్నది ఎవరి వ్యాపార రహస్యం? అదే సెక్షన్‌లో, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని కూడా ఉంది. ఒకవేళ ఒప్పందంలో నిజంగా దాచాల్సిన పేజీ ఏదైనా ఉంటే, దాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది. ఇవన్నీ రాసి ముప్పై రోజుల గడువు దాటకుండా మొదటి అప్పీలు వేశాను. 2019 సెప్టెంబరులో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా జత చేశాను. ప్రభుత్వం నగరంలో స్థలాన్ని ఉచితంగానో బాగా తగ్గించిన ధరకో ఇస్తే, అది కూడా ప్రభుత్వం డబ్బు ఇచ్చినట్టే లెక్కకు రావచ్చని ఆ తీర్పులో ఉంది. అలా తీసుకున్న సంస్థ కూడా ఈ చట్టం కిందికి రావచ్చు. నా బంగళా విషయంలో అది వర్తిస్తుందా లేదా అన్నది అద్దె ఎంతో తెలిస్తేనే కదా తేలేది.

అప్పీలు విచారణకు ఆగాల్సి వచ్చిన రోజుల్లో ఒక ఆదివారం చంద్రగిరి కోటకు వెళ్లాను. తిరుపతి నుంచి దగ్గరే, బస్సులు బోలెడు. రాజమహల్ మూడంతస్తులు, రాణీమహల్ రెండంతస్తులు. రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. విజయనగర రాజులు పెనుకొండ తర్వాత రాజధానిగా చేసుకున్న చోటు ఇది. ఇప్పుడు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఆధీనంలో ఉంది, లోపల మ్యూజియం ఉంది. గేటు దగ్గర నీలం బోర్డు చూడండి. ఈ కట్టడం జాతీయ ప్రాముఖ్యం ఉన్నది, 1958 చట్టం కింద రక్షితం, పాడుచేస్తే శిక్ష ఉంటుంది అని రాసి ఉంటుంది. ఎవరి పూచీయో ఆ ఒక్క బోర్డుతో తెలిసిపోతుంది. ఇది నాది, దీనికి జవాబుదారీ నాదే అని చెప్పే బోర్డు అది. మా బంగళా రక్షిత కట్టడాల జాబితాలో లేదు కాబట్టి దానికి ఆ బోర్డు కూడా లేదు. కాపాడే ప్రత్యేక చట్టం లేని భవనానికి ఆ లీజు కాగితమే చట్టం. అందుకే అది నలుగురి కళ్ల ముందు ఉండాలంటున్నాను.

రాజమహల్ అరుగు మీద కూర్చుంటే ఇంకో సంగతి తోచింది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి చెన్నపట్నం స్థలం ఇచ్చింది చంద్రగిరి రాజు కాలంలోనే. ఆ పత్రం మీద ముద్ర పడింది ఈ మహల్లోనే అని ఇక్కడివాళ్లు చెబుతారు. ఆ ఒప్పందంలో మొదటి రెండేళ్లు ఆదాయం ఎవరిది, ఆ తర్వాత చెరిసగం ఎలా, కోట ఎవరు కట్టుకోవాలి అన్న షరతులన్నీ చరిత్ర పుస్తకాల్లో అచ్చయి ఉన్నాయి. ఎవరైనా చదవొచ్చు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందటి లీజును చదవగలిగిన నేను, నా కళ్ల ముందు ఇచ్చిన లీజును ఎందుకు చదవకూడదు?

మా అమ్మాయి ఇటలీలో టొరినోలో చదువుకుంటోంది. ఫోన్లో ఈ గోడ గొడవంతా చెబితే, మర్నాడు తన ఫోన్ నుంచి ఫోటోలు పంపింది. ఆ ఊరి పక్కనే వెనారియా రాజభవనం ఉంది. ఒకప్పటి సవోయ్ రాజవంశం వాళ్లది, 1997లో యునెస్కో జాబితాలో చేరింది. ఎన్నో ఏళ్లు పాడుబడి ఉంటే బాగుచేసి 2007లో జనానికి తెరిచారు. దాన్ని నడిపేది నేరుగా మంత్రిత్వ శాఖ కాదు, ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ ఫౌండేషన్లూ కలిసి పెట్టుకున్న ఒక ఉమ్మడి సంస్థ. వాళ్ల వెబ్‌సైట్లో టికెట్లు, ప్రదర్శనల కింద ఒక లింకు ఉంది. దాని పేరుకు మన మాటల్లో ‘పారదర్శక పాలన’ అని అర్థం. అక్కడ ఇది ఎవరో మంచి మనసుతో పెట్టిన పేజీ కాదు. 2013లో వచ్చిన 33వ నంబరు శాసనం ప్రకారం పెట్టి తీరాలి. ఎవరికి ఏ కాంట్రాక్టు ఇచ్చారు, పదవుల్లో ఎవరున్నారు, వాళ్లకు ఎంత చెల్లిస్తున్నారు అన్నీ ఒకే వరసలో, ఒకే పేర్లతో ఉండాలి. ఆ శాసనం 30వ అధికరణం చదివి మా అమ్మాయి తర్జుమా చేసి పంపింది. ప్రభుత్వ సంస్థలు తమ చేతిలో ఉన్న స్థిరాస్తుల వివరాలు, వాటికి కట్టే అద్దె, వాటి మీద వచ్చే అద్దె ప్రచురించాలి. నేను పోస్టల్ ఆర్డర్ కట్టి అడిగిన ప్రశ్న అక్కడ అడగకుండానే జవాబు చెప్పాల్సిన విషయం. ఫలానాది వెబ్‌సైట్లో పెట్టలేదని తెలిస్తే, కారణం చెప్పకుండా, డబ్బు కట్టకుండా ఎవరైనా పెట్టమని అడగొచ్చు. 2016లో దాన్ని సవరించి, ప్రభుత్వ డబ్బుతో నడిచే కొన్ని సంఘాలకూ ఫౌండేషన్లకూ కూడా వర్తింపజేశారు.

అక్కడంతా బంగారం, ఇక్కడంతా మట్టి అని నేను అనను. మన చట్టంలోనూ ఆ మాటలు ఉన్నాయి. 2018లో ఢిల్లీ ఎర్రకోటను, మన కడప జిల్లా గండికోటను ‘అడాప్ట్ ఎ హెరిటేజ్’ పథకం కింద దాల్మియా భారత్ కంపెనీకి అప్పగించినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. ఐదేళ్లలో 25 కోట్లు ఖర్చు పెడతారని, పని సౌకర్యాల కల్పన వరకేనని జనానికి తెలిసింది. ఆ నిర్ణయం నచ్చినవాళ్లూ నచ్చనివాళ్లూ ఒక అంకెను పట్టుకుని వాదించుకోగలిగారు. ఎర్రకోట కాబట్టి అది జరిగింది. జిల్లాల్లో ఉన్న చిన్న చిన్న బంగళాల కోసం టీవీల్లో చర్చలు పెట్టరు. వాటికి సెక్షన్ 4 ఒక్కటే దిక్కు.

మార్చి రెండో వారంలో అప్పీలు విచారణ జరిగింది. అప్పీలు విన్న అధికారి పేరు రాయను కానీ, ఆయన అర్జీని చివరి దాకా చదివారు. లీజుదారుకు నోటీసు పంపారు, పది రోజుల్లో వాళ్ల నుంచి అభ్యంతరం రాలేదు. ఫైలు చూసుకోవచ్చు, కావాల్సిన పేజీలు రెండు రూపాయల చొప్పున తీసుకోవచ్చు అని ఆర్డరు వేశారు.

ఒక మధ్యాహ్నం ఆ ఫైలు నా ముందు పెట్టారు. ఇరవై ఏళ్లుగా వేరేవాళ్ల కాగితాలు టైపు చేసే చేతులు, ఆ అట్ట తిప్పేటప్పుడు వణికాయి.

మొదట అద్దె చూశాను. మా పల్లెల్లో ఏమని చెప్పుకునేవాళ్లంటే, ఎవరో పెద్దమనిషి బంధువులకు ఊరికే రాసిచ్చేశారని. నేనూ సగం నమ్మాను. కాగితంలో అలా లేదు. టెండరు పిలిచారు, మూడు సంస్థలు వచ్చాయి, ఎక్కువ పాడినవాళ్లకే ఇచ్చారు. అద్దె ఏటా ఐదు శాతం పెరుగుతుంది, బకాయి లేదు. పదిహేనేళ్ల గడువు. ఎవరూ ఏమీ తినలేదు. ఆ ఒక్క పేజీ గోడకు పెట్టి ఉంటే ఇన్నేళ్లు ఆ సంస్థ మీద ఆ నింద ఉండేది కాదు. నేనూ ఆ మాట నమ్మినందుకు సిగ్గుపడ్డాను.

తర్వాత వెనక ఉన్న షెడ్యూలు. అందులో నాలుగో షరతు చదివి అక్కడే ఆగిపోయాను. పాత గోడలకు, మిద్దెకు మరమ్మతు సున్నంతోనే చేయాలి, సిమెంటు వాడకూడదు, లోపలి గోడలకు వెల్ల మాత్రమే వేయాలి అని స్పష్టంగా ఉంది. ఎవరో ఇంజనీరు, పాత కట్టడం అంటే ఏమిటో తెలిసిన మనిషి, ఎంతో శ్రద్ధగా రాయించిన షరతు. కింద సంతకాలు, ముద్రలు, అన్నీ ఉన్నాయి. ఏటా ఒకసారి కలిసి తనిఖీ చేయాలని కూడా ఉంది. ఫైల్లో మొదటి ఏడాది రిపోర్టు ఒక్కటే కనిపించింది.

షరతు ఉంది, కానీ తాపీ పట్టుకున్నవాడికి అది తెలియదు. మేనేజర్ చూడలేదు. మేనేజర్ పిలిచిన మేస్త్రీకి చెప్పినవాళ్లు లేరు. గదిలో దిగిన నాబోటివాళ్లకు అడగడానికి ఆధారం లేదు. తప్పు చేయాలని ఎవరూ అనుకోలేదు. మంచి నియమం బీరువాలో ఉండిపోయింది, గోడ రెండుసార్లు సిమెంటు కిందికి వెళ్లింది. సమాచారం బయట పెట్టమని అడిగితే చాలామంది మా మీద అనుమానమా అంటారు. నేను దొంగను పట్టుకుందామని అడగలేదు. మేస్త్రీకి తెలియాలని అడిగాను.

ఆ షెడ్యూలు నకలు తీసుకుని, పెద్దక్షరాల్లో మళ్లీ టైపు చేసి, నా షాపులోనే లామినేషన్ చేయించాను. మే నెలలో వెళ్లి మేనేజర్ చేతికి ఇచ్చాను. అతను నిలబడే చదివాడు. "ఇది మాకు ముందే ఇచ్చుంటే రెండుసార్లు డబ్బు దండగ అయ్యేది కాదు కదక్కా" అన్నాడు. హెడ్డాఫీసుకు ఫోటో పంపాడు. జూన్ మొదట్లో నాకు ఫోన్ చేసి, వెనక గదిలో సిమెంటు పూత కొట్టించేశామని, గోడ పూర్తిగా ఆరాక సున్నం పని తెలిసిన మేస్త్రీని పెడతామని చెప్పాడు. సున్నం పని చేసేవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం. మా నాయన దగ్గర పని నేర్చుకున్న ఒక పెద్దాయన ఇంకా ఉన్నాడు, ఆయన నంబరు ఇచ్చాను.

లామినేషన్ చేసిన షరతుల కాగితం ఇప్పుడు రిసెప్షన్‌లో వైఫై పాస్‌వర్డ్ పక్కన ఉంది. అద్దె పేజీ పెట్టడానికి హెడ్డాఫీసు ఇంకా ఒప్పుకోలేదట. లీజు ఇచ్చిన ఆఫీసు వెబ్‌సైట్లో ఆ పదమూడో అంశం ఎదురుగా ఇప్పటికీ ఖాళీయే. దాని మీద మళ్లీ రాశాను.

గదికి, భోజనానికి, మనుషుల మర్యాదకు ఐదుకు నాలుగు ఇస్తాను. బంగళా గురించి జనానికి చెప్పాల్సింది చెప్పినందుకు పోయినేడు అయితే సున్న ఇచ్చేదాన్ని, ఇప్పుడు రెండు ఇస్తున్నాను. వెళ్లేవాళ్లు ముందు వరండా వైపు గది అడగండి. వెనక గది ఇంకా ఆరుతోంది, దాన్ని ఈ ఏడాది వదిలేయండి. రాత్రి భోజనం కావాలంటే సాయంత్రం నాలుగు లోపల చెప్పాలి, సంగటి అప్పటికప్పుడే కెలుకుతారు. లోపలికి వెళ్లగానే వైఫై పాస్‌వర్డ్ పక్కన ఉన్న కాగితంలో నాలుగో షరతు ఒకసారి చదివి, మీ గది గోడను తట్టి చూడండి. బోలుగా మోగితే మేనేజర్‌కు చెప్పండి, అతను వింటాడు.